మూడు కాళ్ళ కుందేలు

పెంపుడు కుందేలుకు ముందరి పాదాలు రెండింటికీ ఐదేసి చొప్పున పది గోళ్ళు, వెనుక పాదాలకు నాలుగేసి చొప్పున ఎనిమిది, వెరసి 18 గోళ్ళు ఉంటాయి. ముందరి పాదంలో ఐదోది, అంటే మనిషి బొటనవేలి స్థానంలో ఉండే గోరు, మిగిలిన నాలుగింటికీ కాస్త ఎగువన, లోపలి పక్కన, బొచ్చులో దాగి ఉంటుంది గనుక దాన్ని మరచిపోవడం తేలిక. నేలకు ఆనని గోరు అరగదు గనుక, మరచిపోయిన ఆ గోరు కొడవలిలా వంపు తిరిగి ఎప్పటికో చర్మంలోకే దిగడమూ అంతే తేలిక. కుందేలు గోళ్ళు తీయడమనే ఇంటిపని ఈ లెక్కతో మొదలవుతుంది.

ఈ వారం తగాదా ఆ లెక్క దగ్గరే వచ్చింది. పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే అంగళ్ళలో కుందేళ్ళ గోళ్ళ కోసమంటూ ఒక అట్టపెట్టె కనిపిస్తున్నది. అందులో చిన్న కత్తెర, ఆకురాయి, రక్తం ఆపే పొడి, వాటితోపాటు నాలుగు మడతల సూచనపత్రం ఉన్నాయి. ఆ పత్రంలో, తీసిన గోటికల్లా ఒక టిక్కు పెట్టుకోవడానికని గళ్ళ పట్టిక అచ్చువేశారు, గళ్ళు ఇరవై. పట్టిక పక్కనున్న బొమ్మలో ఒక తెల్ల కుందేలు ఎవరి ఒళ్ళోనో వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ పైకి పెట్టి, కళ్ళు సగం మూసుకొని ఉన్నది. ఇలా హాయిగా నిద్రపుచ్చి గోళ్ళు తీయవచ్చునని దాని కింద రాసి ఉన్నది. పెట్టె తయారుచేసినవారి పేరు ఇక్కడ అనవసరం. మనిషి వేళ్ళను చూసుకుని కుందేలుకు లెక్క వేసినవారి తప్పు నవ్వుకోదగినది గనుక ముందు దాని సంగతి. రెండో తప్పు నవ్వుకోదగినది కాదు గనుక అది తన చోటు వచ్చేదాకా ఆగవలసి ఉంటుంది.

సామెతలతో ఈ శీర్షికకు ఉన్న పాత పేచీ ఎప్పటినుంచో చదువుతున్నవారికి కొత్త కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న సామెత, కంటి ముందర నాలుగో కాలు తన్నుకుంటున్నా ఒప్పుకోని మొండివాడిని చూసి పుట్టినది. తర్కశాస్త్రంలో శశవిషాణం, అంటే కుందేటి కొమ్ము, లోకంలో లేనే లేని వస్తువుకు ఉదాహరణ. ఇలా లేని కొమ్మును ఇచ్చి, ఉన్న కాలును లాగేసుకున్న పాండిత్యానికి గోళ్ళు లెక్కపెట్టాలని తోచినట్టు లేదు. తీరా ఇన్నాళ్ళకు లెక్కపెట్టినవారేమో రెండు ఎక్కువ వేశారు.

అయితే సామెత పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సామెతలోని కుందేలు తెలుగు నేలమీది బీళ్ళలో, మెట్టచేల గట్ల మీద తిరిగే అడవి కుందేలు. చెవులపిల్లి అన్నా అదే. శాస్త్రజ్ఞులు దాన్ని లెపస్ నైగ్రికోలిస్ అంటారు, నల్లని మెడ గలది అని ఆ పేరుకు అర్థం. అపార్ట్‌మెంటు బాల్కనీలో కొత్తిమీర కాడలు నమిలేది ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్ అనే, వేరే ప్రజాతికి చెందిన జంతువు, దాని పుట్టిల్లు నేటి స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం. మొదటిదానికి క్రోమోసోములు 48, రెండోదానికి 44. అడవి కుందేలు బొరియ తవ్వకుండా గడ్డిని ఒత్తుకుని పడుకుంటుంది, కళ్ళు తెరిచిన, ఒంటినిండా బొచ్చున్న పిల్లలను కంటుంది. బొరియలు తవ్వే వంశానికి చెందిన పెంపుడు కుందేలు పిల్లలు నున్నటి ఒళ్ళతో, మూసిన కళ్ళతో పుడతాయి. తెలుగు ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి ఊరుకున్నది. సామెతలోని మనిషి ఇవాళ కుందేలును పట్టుకుంటే, కాళ్ళ లెక్క కన్నా ముందు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

తవ్వే వంశమన్న మాటకు గోళ్ళతో నేరుగా సంబంధం ఉన్నది. మట్టిని తోడుతూ బతకవలసిన జంతువుకు గోళ్ళు ఆగకుండా పెరగడమూ, పెరిగినంత మేర అరగడమూ ప్రకృతి వేసిన లెక్క. నున్నటి టైల్స్ పరిచిన ఇంట్లో ఆ లెక్కలో పెరుగుదల మిగిలింది, అరుగుదల పోయింది. పైగా కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తలు ఉండవు, అరికాలంతా దట్టమైన బొచ్చే. గోరు పొడుగైతే అదే ముందుగా నేలకు తగిలి వేళ్ళను పైకి నెడుతుంది, ఒంటి బరువు మడమ వైపు జరుగుతుంది, అక్కడి బొచ్చు ఊడి చర్మం ఎర్రబడి చివరికి పుండు పడుతుంది. పశువైద్యులు పోడోడెర్మటైటిస్ అనే ఈ పాదాల పుండు మానడానికి నెలలు పట్టవచ్చు. పొడుగు గోరు కార్పెట్టు దారంలోనో బోను తీగలోనో ఇరుక్కుంటే, బెదిరిన కుందేలు ఒక్క గుంజు గుంజడంతో మొదలంటా ఊడిరావడమూ కద్దు. కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి గోళ్ళు చూడాలి.

గోరు మొత్తంగా చచ్చినదీ కాదు, మొత్తంగా బతికినదీ కాదు. కొస భాగం వట్టి కెరటిన్, అంటే వెంట్రుకలకూ కొమ్ములకూ మూలమైన పదార్థం. దాన్ని ఎంత కోసినా జంతువుకు తెలియదు. మొదలు నుంచి కొంత దూరం వరకు మాత్రం లోపల రక్తనాళమూ నరమూ కలిసిన మెత్తని కండ ఉంటుంది. ఇంగ్లీషులో దీని పేరు క్విక్, ఆ మాటకు పాత అర్థం ప్రాణమున్నది అని. సూచనపత్రాన్ని తెలుగు చేసినవారు ఆ సంగతి ఎరుగక, త్వరిత భాగాన్ని కత్తిరించరాదని రాశారు! కుందేలు పరుగెత్తే భాగం ఏదో గోటిలో ఉన్నదనుకుని పాఠకుడు బెదిరిపోవలసినదే తప్ప దీనివల్ల తెలిసేదేమీ లేదు. పనిచేసేవారి నోట మాట ఉండగా నిఘంటువు తలుపు తట్టరాదని ఈ శీర్షిక ఎన్నోసారో చెబుతున్నది. పుండు పచ్చిగా ఉన్నదంటారు. కొమ్మను గోటితో గీకి చూసి ఇంకా పచ్చిగానే ఉన్నదంటారు. రెండు చోట్లా చెప్పదలచినది లోపల జీవమున్నదనే. గోటి లోపలి ఆ కండకు పచ్చి అన్న మాట చాలు, ఇక్కడినుంచి అదే వాడుక.

చచ్చినది ఎక్కడ ఆగుతుందో, పచ్చి ఎక్కడ మొదలవుతుందో వేలికొసతో తెలుసుకోవడమే బతుకుతెరువుగా ఉన్నవారు తెలుగు ఊళ్ళలో ఒకప్పుడు చాలామంది. ఎద్దుల గిట్టలకు లాడాలు కొట్టేవారు వారిలో పేరెన్నిక గన్నవారు. కొన్నిచోట్ల నాడాలు అనే ఈ ఇనుప బిళ్ళలు కొట్టే పని, ట్రాక్టర్లు పొలాలనూ దారులనూ ఆక్రమించక ముందు, వారపు సంతల పక్కన తప్పనిసరి దృశ్యం. కంకర రోడ్ల మీద, ఎండకు కాగిన తారు రోడ్ల మీద బరువులాగే బండెద్దుకు గిట్ట పెరిగే వేగం కన్నా అరిగే వేగం ఎక్కువ, అంటే టైల్స్ మీద బతికే కుందేలు చిక్కుకు ఇది సరిగ్గా తలకిందులు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనుక గుర్రానికి కొట్టినట్టు ఒకే వంపు ఇనుము పనికిరాదు. ఒక్కో సగానికి ఒక్కో బిళ్ళ చొప్పున కాలికి రెండు, నాలుగు కాళ్ళకూ కొడితే ఎనిమిది బిళ్ళలు కావాలి.

ఎద్దును పడగొట్టడమే ఆ పనిలో సగం. ఒంటికి తాడు చుట్టి, ఇద్దరు ముగ్గురు ఒక పక్కకు అదనుచూసి లాగితే, అంతటి జంతువూ కాళ్ళు ముడుచుకుని మెల్లగా ఒరుగుతుంది. వెంటనే ఒకరు కొమ్ములు పట్టి మెడ కదలకుండా కూర్చుంటే, ఇంకొకరు కాళ్ళు దగ్గరకు చేర్చి కట్టేస్తారు. ఎద్దు బుసకొడుతుంది, రంకె వేస్తుంది, తోకతో దుమ్ము లేపుతుంది, అయినా కట్టు వదలదు. అప్పుడు పనివాడు గిట్ట అడుగును వంపుకత్తితో చెక్కడం మొదలుపెడతాడు. చచ్చిన గిట్ట పొడిపొడిగా, పెళుసుగా పెచ్చులు లేస్తుంది; పచ్చి దగ్గరపడే కొద్దీ కత్తి కింద మెత్తదనం తెలుస్తుంది, రంగు మారుతుంది. కత్తి అక్కడ ఆగాలి. మేకు కొట్టడంలోనూ ఇదే విద్య: మేకు గిట్ట గోడలోకి ఏటవాలుగా దిగి పక్కనుంచి బయటపడాలి తప్ప నిటారుగా లోపలికి పోరాదు. సుత్తి దెబ్బకు వచ్చే మోతలోనే అది ఎటు పోతున్నదో చేయి తిరిగినవాడికి తెలుస్తుంది. బయటపడిన మొనను మడిచి, కొసను ఆకురాయితో రాసేస్తాడు. మేకు పచ్చిలోకి దిగితే మర్నాటికో ఆ మర్నాటికో ఎద్దు కుంటుతుంది, బండి ఆగుతుంది, రైతు మళ్ళీ వస్తాడు, వచ్చి అనవలసిన మాటలన్నీ అంటాడు.

మనుషుల గోళ్ళు తీయడమూ ఒకప్పుడు ఇంటిపని కాదు. ఊరి క్షురకుడు తన పొదిలో మంగలికత్తి పక్కనే గోళ్ళు తీయడానికి ఉలివంటి చిన్న పనిముట్టు పెట్టుకునేవాడు. గోళ్ళను నీళ్ళతో తడిపి మెత్తబరిచి, ఒక్కో వేలినీ పట్టుకుని, పచ్చికి వెంట్రుకవాసి దూరంలో ఆగేవాడు. పొరపాటున తగిలితే అద్దడానికి పటిక ముక్క ఉండేది. దీపాలు పెట్టాక గోళ్ళు తీయరాదనీ, మంగళ శుక్రవారాల్లో అసలే తీయరాదనీ పెద్దలు పెట్టిన నియమాల్లో రెండోదానికి ఈ శీర్షిక దగ్గర సమాధానం లేదు. మొదటిదానికి ఉన్నది: ఆముదపు దీపం వెలుతురులో పచ్చి కనబడదు.

ఇంతవరకు చదివినవారికి ఈ మాటలు ఎటు నడుస్తున్నాయో అర్థమయ్యే ఉంటుంది. కత్తి నూరడం గురించి, నులక మంచం బిగించడం గురించి రాసినప్పుడు వాదించినట్టే, కుందేలు గోళ్ళూ ఇంటి చేతులే తీయాలి, అట్టపెట్టెలు అక్కరలేదు, డబ్బు పోసి ఇంకొకరి చేత చేయించుకోవడం సోమరితనం అని తేల్చడానికి దారి సుగమంగానే ఉన్నది. కోత విషయంలో ఆ మాటకు ఆధారమూ ఉన్నది. మనుషుల నెయిల్ కట్టర్ రేకులాంటి బల్లపరుపు గోటి కోసం చేసినది, కాడలాంటి కుందేలు గోటిని అది రెండు పక్కలా నొక్కి చీల్చవచ్చు గనుక, అంచుల్లో అర్ధచంద్రాకారపు గాడి ఉన్న చిన్న పదునైన కత్తెర ఒక్కటి ఉంటే చాలు. హైదరాబాదులో చార్మినారు దగ్గరి ముర్గీచౌక్‌లో కోళ్ళ గంపల పక్కన అమ్మే ఎర్రకళ్ళ తెల్ల కుందేలు వంటిదైతే గోటిలో రంగు ఉండదు, పచ్చి గులాబీరంగు గీతలా బయటికే కనబడుతుంది. ఆ గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల ఇవతల కోయాలి. నల్ల గోళ్ళ కుందేలైతే గోటి వెనుక టార్చి పెడితే పచ్చి నీడలా తెలుస్తుంది. డచ్ జాతి కుందేలుకు సాధారణంగా పాదాల కొసలు తెల్లగా ఉంటాయి, తెల్ల బొచ్చున్న చోట గోళ్ళూ తెల్లగా ఉండటం వల్ల ఒళ్ళు నల్లగా ఉన్నా యజమానికి చిక్కు తగ్గుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే, కోయబోయే చోట కత్తెరను మెల్లగా ఒక్కసారి ఆనించి నొక్కి చూడటం మంచి పద్ధతి, పచ్చి ఉంటే కుందేలు కాలు లాక్కుంటుంది. ఇదంతా నేర్చుకోవడానికి ఒక పూట చాలు, 18 గోళ్ళ కోతకు ఐదు నిమిషాలు చాలు.

చాలనిది పట్టు. లాడాలు కొట్టేవాడి విద్య ఇక్కడిదాకా తోడువచ్చి ఇక్కడ ఆగిపోతుంది. ఎద్దుకు నొప్పి పుట్టినా, కోపం వచ్చినా, ఊరంతటికీ వినబడుతుంది. కుందేలు తరతరాలుగా గద్దకూ నక్కకూ తిండి అయిన జంతువు గనుక, భయపడినకొద్దీ నిశ్శబ్దమవుతుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దానికి దాదాపు చుట్టూ కనబడుతుంది గానీ, సరిగ్గా ముక్కు ముందున్నది కనబడదు; పైనుంచి దిగే చేయి దానికి గద్ద కాళ్ళ లాంటిదే. ఎముకలు మరీ తేలిక: పిల్లి ఒంటి బరువులో అస్థిపంజరం వంతు 12 నుంచి 13 శాతం దాకా ఉంటే కుందేలులో అది ఏడెనిమిది శాతమే. ఆ తేలిక ఎముకలకు బలమైన వెనుక కాళ్ళు తగిలించి ఉన్నాయి. వెనుక భాగానికి ఆధారం లేకుండా ఎత్తినప్పుడు, లేదా ఎద్దును అదిమినట్టు అదిమినప్పుడు, అది ఒక్క తన్ను తంతే నడుము దగ్గర వెన్నుపూస విరిగి, కాళ్ళు పడిపోవచ్చు. చెవులు పట్టి ఎత్తే పాత అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

సూచనపత్రంలోని రెండో తప్పు చోటు ఇదే. కుందేలును వెల్లకిలా తిప్పి కొంతసేపు పట్టుకుంటే ఒళ్ళు సడలి, కళ్ళు నిలిచిపోయి కదలకుండా ఉండిపోతుంది. చూసేవారికి అది నిద్ర, కొందరికి అది వశీకరణ విద్య. శాస్త్రంలో దీన్ని నిశ్చలతా ప్రతిచర్య అనవచ్చు. వేటాడే జంతువు నోట చిక్కిన ప్రాణి, చచ్చినట్టు పడి ఉంటే పట్టు సడలుతుందేమోనన్న ఆఖరి ఉపాయంగా చేసే పని. ఆ స్థితిలో ఉన్న కుందేళ్ళను పరిశీలించినవారు అది హాయి కాదనీ, భయమేననీ తేల్చారు. రంకె వేసే ఎద్దును కట్టేసినవాడికి తాను బలవంతం చేస్తున్నానని తెలుసు. వెల్లకిలా పడిన కుందేలు గోళ్ళు తీస్తున్నవాడికి అది తెలియదు, పైగా తన చేతి మహిమ అనుకుని పొంగిపోతాడు.

కాబట్టి ఇద్దరు కావాలి. ఎత్తు మీద నుంచి దూకే ప్రమాదం లేకుండా నేలమీద కూర్చోవాలి, ఒకరు కుందేలు వెనుక భాగాన్ని తమ ఒంటికి ఆనించి తువ్వాలు చుట్టి పట్టుకుంటే, ఇంకొకరు ఒక్కొక్క పాదాన్నే బయటికి తీసి గోళ్ళు తీయాలి. తువ్వాలు ఎక్కువసేపు ఉంచరాదు, చెవులు కప్పరాదు. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లోని వేడిని అది చాలావరకు చెవుల ద్వారానే వదులుకుంటుంది, 40 డిగ్రీలు దాటే తెలుగు ఎండాకాలంలో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. తెల్లవారుజామునా సందెవేళా చురుగ్గా తిరిగే జంతువు గనుక, పొద్దు కాస్త ఎక్కి అది మగతగా ఉన్న సమయమే గోళ్ళకు అనువైనది, పెద్దల దీపాల నియమమూ చెల్లుతుంది. పచ్చి తెగి రక్తం వస్తే గుడ్డతో కొన్ని నిమిషాలు నొక్కి, కార్న్‌ఫ్లోర్ అద్ది పట్టుకుంటే మామూలుగా ఆగుతుంది. క్షురకుని పటిక మండుతుంది గనుక ఇక్కడ దాని అవసరం లేదు. ఆగని రక్తమూ, మొదలంటా ఊడిన గోరూ, చర్మంలోకి దిగిన గోరూ పశువైద్యుని పని. ఇంట్లో రెండో మనిషి లేనివారు, చేయి వణికేవారు మామూలు గోళ్ళకు సైతం వైద్యుని దగ్గరకే వెళ్ళడం న్యాయం. దాన్ని పైన సోమరితనమన్న మాట వెనక్కి తీసుకోక తప్పదు.

వెనక్కి తీసుకోవలసినది ఇంకొకటి ఉన్నది, దానితో పోలిస్తే సోమరితనమన్న ఆ మాట చిన్నది. మొదలుపెట్టిన పని ముగించే లేవాలన్నది ఈ శీర్షిక పుట్టిన నాటి నుంచి పాడుతున్న పాట, సగం బిగించిన నులక మంచం మీద ఎవరూ పడుకోలేరని ఒకసారి రాస్తే పాఠకులు దాన్ని ఉత్తరాల్లో ఈ శీర్షికకే తిరిగి అప్పజెప్పేవారు. కుందేలు దగ్గర ఆ నియమం చెల్లదు. ముక్కుపుటాల ఆట గతి తప్పినా, డొక్కలు ఎగసిపడుతున్నా, కంటి తెల్లగుడ్డు కనబడుతున్నా, ఎన్ని గోళ్ళు మిగిలి ఉన్నా కిందికి దించేయాలి. గోటి నిర్మాణం కూడా దీనికి ఒప్పుకునేలాగే ఉన్నది. చాలాకాలం వదిలేసిన పొడుగు గోటిలో పచ్చి కూడా పొడుగ్గా సాగి ఉంటుంది గనుక ఒకే కోతతో దాన్ని పొట్టి చేయలేరు. వారానికోసారి కొసను మాత్రం కొద్దికొద్దిగా తీస్తూ పోతే పచ్చి మెల్లగా వెనక్కి తగ్గుతుంది. పని సగంలో ఆపడమే ఇక్కడ పని చేసే పద్ధతి.

అలా రోజుకు ఒకటి రెండు పాదాల చొప్పున చేసేవారికి, ఏ పాదానికి ఏ గోరు అయిందో గుర్తుండదు, ముఖ్యంగా బొచ్చులో దాగిన ఆ ఐదో గోరు. అందుకు గళ్ళ పట్టిక కన్నా మంచి సాధనం తోచడం లేదు, వెక్కిరింపుకు గురైన సూచనపత్రం ఒక్క ఆ కారణానికి పారేయకుండా దాచుకోదగినది. వెనుక పాదాల వరసలో ఒక్కో గడి చొప్పున రెండు కొట్టివేస్తే లెక్క 18కి సరిపోతుంది. మూడు పాదాలు అయ్యేసరికి కుందేలు ఊపిరి వేగం పెరిగితే, నాలుగో కాలు కంటి ముందర కదులుతున్నా సరే, ఆ పూటకు దానికి మూడే కాళ్ళనుకుని వదిలేయాలి. ఎడమ వెనుక పాదం ఎదురుగా ఖాళీగా మిగిలిన నాలుగు గళ్ళలో మర్నాటి తేదీ రాసుకోవచ్చు.